"ఈ బిడ్డకు బతకాలని లేదు" అనే ముందు

(అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు, సూపర్‌వైజర్ల సమావేశంలో ఒక పిల్లల డాక్టరు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మన పనిలో తరచుగా చెవిన పడే ఒక మాట గురించి ఈరోజు మాట్లాడతాను. బాగా చిక్కిపోయిన బిడ్డను ఒళ్ళో పెట్టుకుని తల్లో, నాయనమ్మో అంటుంది: "ఈ పిల్లకు బతకాలని లేదమ్మా. మేం జేసేది జేసినం." నోట్లో చెంచా పెడితే మింగదు. బొమ్మ చూపిస్తే చెయ్యి చాపదు. సూది పొడిచినా గట్టిగా ఏడవదు. అది చూసి, బిడ్డే వద్దనుకుంటోందని వాళ్ళు అనుకుంటారు. ఒక్కోసారి మనమూ అలాగే అనుకుంటాం. వార్డులో రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టర్లు కూడా నెమ్మదిగా ఇంగ్లీషులో ఇదే మాట అనుకోవడం నేను విన్నాను.

నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఒకటే. బతకాలన్న కోరిక బిడ్డ పుట్టుకతో మూటగట్టుకుని వచ్చేది కాదు. బిడ్డకూ, బిడ్డ పిలిస్తే పలికే మనిషికీ మధ్య రోజూ కాస్త కాస్తగా తయారవుతుంది. కటిక పేదరికం ఆ పలికే మనిషిని పనికి లాక్కుపోతుంది. హింస ఆ మనిషి నోరు నొక్కేస్తుంది. అందుకని "బిడ్డకు బతకాలని లేదు" అనిపించిన ప్రతిసారీ, ఆ బిడ్డ చుట్టూ ఏం జరిగిందో మనం వెతకాలి.

ఈ మాట మన ఒక్కళ్ళదే కాదు. బ్రెజిల్ ఈశాన్యంలో పెర్నాంబుకో అనే రాష్ట్రం ఉంది. అంతా చెరకు తోటల ప్రాంతం. అక్కడ ఒక పట్నం అంచున, కొండ మీద, ఆల్టో దో క్రుజేరో అనే పేదల బస్తీ. 1960లలో నాన్సీ షెపర్-హ్యూస్ అనే అమెరికన్ యువతి అక్కడ ఆరోగ్య కార్యకర్తగా పనిచేసింది. తర్వాత మానవశాస్త్రం చదివి, 1980లలో మళ్ళీ మళ్ళీ అదే బస్తీకి వెళ్ళింది. ఆమె చూసింది ఇది: ఆడవాళ్ళు చెరకు కొట్టడానికీ, పెద్దిళ్ళలో బట్టలు ఉతకడానికీ, వంటకీ వెళ్ళాలి. చంకలో బిడ్డతో వస్తే పని ఇవ్వరు. కాబట్టి నెలల పిల్లలు గుడిసెలో ఒంటరిగానో, ఐదారేళ్ళ అక్క చేతుల్లోనో ఉండిపోతారు. తల్లిపాలు తొందరగా ఆగిపోతాయి. వాటి బదులు పొడిపాలు, అవీ పొదుపు కోసం నీళ్ళు ఎక్కువ పోసి కలిపినవి. ఆ నీళ్ళు కూడా మంచివి కావు. విరేచనాలు పట్టుకుంటాయి. పసిపిల్లలు వరసగా చనిపోతుంటారు.

ఆ బస్తీ తల్లులు పిల్లల్ని రెండు రకాలుగా చూసేవాళ్ళు. కొందరు పోరాడి బతుకుతారు. కొందరికి బతుకు మీద రుచి ఉండదు, వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోవాలనుకుంటారు. అలాంటి బిడ్డ అని ఒకసారి తేల్చుకున్నాక, పట్టుబట్టి తినిపించడం, ఆస్పత్రికి పరిగెత్తడం తగ్గిపోతుంది. ఇక ఆ బిడ్డ చనిపోతుంది, అనుకున్నదే నిజమైందనిపిస్తుంది. చనిపోయిన పసిబిడ్డ దేవదూత అవుతుందనీ, తల్లి ఏడిస్తే రెక్కలు తడిసి ఎగరలేదనీ నమ్మకం. ఊళ్ళోని చిన్నపిల్లలే ఆ చిన్న పెట్టెను శ్మశానానికి మోసుకెళ్ళేవాళ్ళు.

ఇక్కడ డాక్టరుగా నన్ను పట్టి నిలిపేది ఒక సంగతి. "బతుకు మీద రుచి లేని బిడ్డ" గుర్తులని వాళ్ళు చెప్పినవి: పాలిపోయి ఉండటం, మందకొడితనం, చప్పరించకపోవడం, ఏడవకపోవడం, చూపు నిలపకపోవడం. ఇవన్నీ ఆకలికీ, ఒంట్లో నీళ్ళు తగ్గడానికీ మనం పుస్తకంలో చదువుకున్న లక్షణాలే. జబ్బు గుర్తుల్ని బిడ్డ మనసుగా చదివారు. అలా తల్లి వదిలేసుకున్న ఏడాది పిల్లాడు ఒకడికి షెపర్-హ్యూస్ పట్టుబట్టి తినిపించింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఎందుకీ ఆరాటం అన్నారు. వాడు బతికాడు. ఏళ్ళ తర్వాత ఆమె తిరిగి వెళ్ళేసరికి వాడూ, వాళ్ళమ్మా ఒకరంటే ఒకరు ప్రాణంగా ఉన్నారు.

ఆమె చెప్పినదాన్ని అందరూ ఒప్పుకోలేదు. అదే ఈశాన్య బ్రెజిల్‌లో పనిచేసిన వేరే పరిశోధకులు, తల్లులు దుఃఖపడరనడం అబద్ధం, వాళ్ళు మందుల కోసం, మంత్రాల కోసం, ఆస్పత్రి కోసం కాళ్ళరిగేలా తిరిగారు, తలుపులు మూసేసింది ఆస్పత్రులే అన్నారు. నాకు రెండూ నిజమే అనిపిస్తుంది. ఒకే తల్లి నాలుగు గుమ్మాలు తిరిగి, ఐదో గుమ్మం దగ్గర ఆశ వదులుకోవడం మన ఆస్పత్రి వరండాల్లో చూస్తూనే ఉంటాం.

మన ఊళ్ళలో పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య, కుప్పమ్మ అనే పేర్లు ఎందుకు పెట్టేవారో మీకు నేను చెప్పక్కర్లేదు. వరసగా పిల్లలు దక్కని ఇంట్లో మళ్ళీ కాన్పు అయితే ఆ పసిగుడ్డును పెంటకుప్ప మీద పడుకోబెట్టేవారు. ఎంగిలి విస్తళ్ళ మీద దొర్లించేవారు. చేటలో పెట్టి పక్కింటి ఆవిడకు అమ్మినట్టు చేసి, నాలుగు డబ్బులిచ్చి మళ్ళీ కొనుక్కునేవారు. ముక్కు కుట్టేవారు. ఈ బిడ్డ ఎవరికీ అక్కర్లేనిది, నువ్వు కూడా తీసుకెళ్ళకు అని మృత్యువును నమ్మించే ప్రయత్నం అది. మందూ మాకూ లేని రోజుల్లో ఆ తల్లి చేతిలో ఉన్నది అదొక్కటే. బిడ్డను దక్కించుకోవాలన్న తపన పేదల ఇళ్ళలో తక్కువని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

బ్రెజిల్ కథ అక్కడే ఆగలేదు. 1988లో వచ్చిన రాజ్యాంగం ఆరోగ్యాన్ని హక్కుగా రాసింది. 1990లలో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు వచ్చారు. అచ్చం మీలాంటివాళ్ళు. 2003లో బోల్సా ఫమీలియా అనే పథకం కింద, బిడ్డకు టీకాలు వేయించి బడికి పంపితే తల్లి పేరున నెలనెలా డబ్బు పడటం మొదలైంది. 1990లో ఆ దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 60 మంది పైగా ఐదేళ్ళు నిండకుండా చనిపోయేవాళ్ళు. 2015 నాటికి అది 16 దగ్గరికి దిగింది. ఆ కొండ మీది తల్లులు ఇప్పుడు ఒక్కో బిడ్డ కోసం చివరిదాకా కొట్లాడుతున్నారు. మనుషులు మారలేదు. నీళ్ళు, టీకాలు, డబ్బు, ఇంటికొచ్చే మనిషి వచ్చారు. అప్పటిదాకా "బతుకు మీద రుచి లేని పిల్లలు" అన్నవాళ్ళు కనిపించడం మానేశారు.

ఇక ఆకలి ఒంటికి ఏం చేస్తుందో చూద్దాం. తిండి చాలనప్పుడు శరీరం, కరువు రోజుల్లో ఇల్లాలు ఇంటి ఖర్చు తగ్గించినట్టే తగ్గిస్తుంది. మొదట ఎదుగుదల ఆపుతుంది. తర్వాత ఆట ఆపుతుంది. ఆపైన కదలిక తగ్గిస్తుంది. ఏడవడానికీ శక్తి కావాలి కనుక ఏడుపూ మానేస్తుంది. గుండె, మెదడు, ఊపిరి నడవడానికి కావలసినంత మాత్రం మిగుల్చుకుంటుంది. అదంతా బతకడానికి శరీరం చేసే పనే. బయటినుంచి చూసేవాళ్ళకి మాత్రం బిడ్డ బతుకు వదులుకున్నట్టు కనిపిస్తుంది.

పెద్దవాళ్ళయినా ఇంతే. 1944, 45లలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వాళ్ళ ఇష్టంతోనే, దాదాపు ఆరు నెలలు అర్ధాకలి తిండి పెట్టాడు. చదువుకున్నవాళ్ళు, ఆశయంతో ముందుకొచ్చినవాళ్ళు. నెలలు గడిచేకొద్దీ పుస్తకాలు పక్కన పెట్టేశారు, స్నేహాలు వదిలేశారు, నవ్వు పోయింది. తిండి తప్ప దేని మీదా మనసు లేదు. ఫలానా రోజున మళ్ళీ కడుపునిండా అన్నం పెడతారని వాళ్ళకు తెలుసు. రెండేళ్ళ బిడ్డకు ఆ సంగతి ఎవరు చెబుతారు?

నేను పోషణ పునరావాస కేంద్రంలో, అదే మనం ఎన్‌ఆర్‌సీ అంటాం కదా, అక్కడ పనిచేస్తున్నప్పుడు ఒక పాప వచ్చింది. రెండేళ్ళుంటాయి, బరువు ఆరు కిలోలు. జబ్బకు టేపు చుడితే ఎర్ర రంగులోకి, అంటే తీవ్ర ప్రమాదంలోకి, పదకొండున్నర సెంటీమీటర్ల కిందికి వచ్చేసింది. పాదాలు ఉబ్బి, నొక్కితే గుంట పడేవి. తల్లిదండ్రులు ఇటుక బట్టీకి వలస పోయారు. నాయనమ్మ తీసుకొచ్చింది. పాప కంటి రెప్ప మీద ఈగ వాలితే చెయ్యెత్తి తోలుకునేది కాదు. రక్తం తీస్తే మూలిగి ఊరుకుంది. పక్క మంచం వాళ్ళు "ఎంత నెమ్మది పిల్లో" అన్నారు. వార్డులో నెమ్మదిగా ఉండే బిడ్డను చూస్తే మీరు భయపడాలి. గోల చేసే బిడ్డ పర్వాలేదు.

రెండు గంటలకోసారి, రాత్రి కూడా, ఎఫ్-75 అనే, ఇలాంటి పిల్లల చికిత్స కోసం తయారుచేసిన పాలు కొద్దికొద్దిగా పట్టాం. ఒంటికి వెచ్చదనం, యాంటీబయాటిక్స్, పొటాషియం, జింకు అన్నీ ఇచ్చాం. వాపు దిగింది. కానీ పాప ముఖంలో మార్పు లేదు. మా దగ్గర ఒక ఆయా ఉండేది. మందుల ఖాళీ డబ్బాలో నాలుగు చింతగింజలు వేసి, మూత గట్టిగా బిగించి, పొద్దునా సాయంత్రం పాప ముందు కూర్చుని ఆడించేది. "చిట్టీ, ఇటు జూడు, ఇటు జూడు" అంటూ ఒకే పాట. రెండో వారంలో ఒకరోజు పాప ఆ డబ్బా వంక కాకుండా నాయనమ్మ చేతి గాజుల వంక చూసింది. చెయ్యి చాపి ఒక గాజు పట్టుకు లాగింది. నాయనమ్మ ఏడ్చేసింది. ఆ మధ్యాహ్నమే పాప గిన్నెలో పాలు మిగల్చకుండా తాగింది. ఒళ్ళు ఉబ్బిన పిల్లల వైద్యంలో పాతకాలం నుంచీ ఒక మాట ఉంది: బిడ్డ నవ్విందంటే గండం గడిచిందని లెక్క. బరువు కాగితంలో పెరగడానికి ముందే అది ముఖంలో కనిపిస్తుంది.

ఆ ఆయా చేసింది మంచితనంతో చేసిన అదనపు పని అనుకోకండి. తీవ్ర పోషకాహార లోపానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రాసిన చికిత్సలో పది మెట్లు ఉన్నాయి. తొమ్మిదో మెట్టు ఇదే: బిడ్డతో ఆడటం, మాట్లాడటం, దగ్గరికి తీసుకోవడం. రోజూ పావుగంట నుంచి అరగంట. గ్లూకోజు, యాంటీబయాటిక్ ఉన్న జాబితాలోనే ఇదీ ఉంది. మందుల స్టాకు తనిఖీ చేస్తాం. ఆట తనిఖీ చేయం. ఎన్‌ఆర్‌సీలో బొమ్మలు బీరువాలో పెట్టి తాళం వేసిన చోట్లు నేను చూశాను, పోతే లెక్క చెప్పాలని భయం. ఆ బీరువా తాళం తీయించండి.

పలికే మనిషి లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి అమెరికాలో ఎడ్వర్డ్ ట్రోనిక్ 1970లలో ఒక చిన్న ప్రయోగం చేశాడు. కొన్ని నెలల బిడ్డతో తల్లి ఎప్పటిలా ముద్దుగా ఆడుతుంది. తర్వాత రెండు మూడు నిమిషాలు ముఖంలో ఏ భావమూ లేకుండా, కదలకుండా బిడ్డ వంక చూస్తూ ఉంటుంది. బిడ్డ ముందు నవ్వి పిలుస్తుంది. చేతులు ఊపుతుంది. కేక పెడుతుంది. ఫలితం లేకపోతే ముఖం తిప్పేసుకుంటుంది, ఒళ్ళు వాల్చేస్తుంది. అంతా రెండు మూడు నిమిషాల్లోనే. మళ్ళీ తల్లి నవ్వగానే బిడ్డ తేరుకుంటుంది. ఇప్పుడు ఆ రెండు నిమిషాలు రెండేళ్ళపాటు సాగాయనుకోండి. రోజంతా మట్టి మోసి వచ్చిన తల్లి, రాత్రి తన్నులు తిన్న తల్లి, ముఖంలో భావం లేకుండా కూర్చుంటే తప్పు ఆమెదా?

1940లలో రెనే స్పిట్జ్ అనే వైద్యుడు రెండు చోట్ల పసిపిల్లల్ని గమనించాడు. ఒకటి అనాథాశ్రమం. శుభ్రంగా ఉంది, తిండి ఉంది, డాక్టర్లు ఉన్నారు, కానీ ఎనిమిది మంది పిల్లలకు ఒక నర్సు. రెండోది జైల్లో ఉన్న తల్లుల పిల్లల గది. అక్కడ తల్లులే పెంచుకున్నారు. అనాథాశ్రమంలో రెండేళ్ళు నిండేలోపు మూడో వంతుకు పైగా పిల్లలు చనిపోయారు. జైల్లో పిల్లలు ఎదిగారు. స్పిట్జ్ పద్ధతిలో లోపాలున్నాయని తర్వాతివాళ్ళు ఎత్తిచూపారు, అది నిజమే. అయితే 2000లో రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో మొదలైన అధ్యయనం, అనాథాశ్రమాల్లోని 136 మంది చిన్నపిల్లల్ని చీటీ వేసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టును పెంపుడు కుటుంబాలకు ఇచ్చి చూసింది. కుటుంబాల్లోకి వెళ్ళినవాళ్ళలో తెలివి, మనుషుల మీద నమ్మకం, మెదడు పనితీరు కూడా మెరుగయ్యాయి. రెండేళ్ళలోపు వెళ్ళినవాళ్ళలో ఎక్కువగా. కాబట్టి మూల విషయం నిలిచింది.

హింస గురించి. మన లెక్కలు ముందు చెబుతాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పెళ్ళయిన ఆడవాళ్ళలో భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పినవాళ్ళు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. అదే సర్వేలో ఐదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు తెలంగాణలో 33 శాతం, ఆంధ్రలో 31 శాతం. ఈ రెండు అంకెలూ వేరే వేరే పేజీల్లో ఉంటాయి, వేరే వేరే శాఖల మీటింగుల్లో చర్చకు వస్తాయి. ఇల్లు మాత్రం చాలాసార్లు ఒకటే. మీరు గుమ్మంలోకి వెళ్ళినప్పుడు రెండూ ఒకేసారి చూస్తారు. అందుకే ఈ మాట ఎక్కడో కాన్ఫరెన్సులో కాకుండా మీ ముందు చెప్పాలనిపించింది.

రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు అన్నా ఫ్రాయిడ్, డొరతీ బర్లింగ్‌హామ్ హాంప్‌స్టెడ్‌లో పిల్లల సంరక్షణ గృహాలు నడిపారు. బాంబు మోతలకన్నా తల్లినుంచి విడిపోవడమే చిన్నపిల్లల్ని ఎక్కువ కుంగదీసిందని రాశారు. తల్లి ధైర్యంగా పక్కనుంటే పిల్లలు ఆ మోతలో కూడా నిద్రపోయారు. ఇంట్లో హింసకు ఆ వెసులుబాటు కూడా లేదు. భయపెట్టేవాడు, కాపాడాల్సినవాడు ఒకడే అయినప్పుడు బిడ్డ ఎటు పరిగెత్తాలి?

స్వీడన్‌లో జరిగింది దీనికి చివరి అంచు. 1990ల చివరినుంచి అక్కడ ఆశ్రయం కోరి వచ్చిన కుటుంబాల పిల్లలు కొందరు మాట మానేసి, తిండి మానేసి, చివరికి కళ్ళు తెరవకుండా, నొప్పికి కూడా స్పందించకుండా నెలల తరబడి మంచంలో ఉండిపోయారు. ముక్కులో గొట్టం వేసి పాలు పట్టాల్సి వచ్చింది. 2003, 2005 మధ్య 400 మందికి పైగా. ఎక్కువమంది పాత సోవియట్ దేశాల నుంచి, బాల్కన్ ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళు. చాలామంది ఇళ్ళలో కొట్లాటలు, బెదిరింపులు, తల్లిమీద జరిగిన దాడులు కళ్ళారా చూసినవాళ్ళు. తర్వాత, మిమ్మల్ని వెనక్కి పంపేస్తాం అన్న ఉత్తరం. నటన అన్న ఆరోపణలు వచ్చాయి. తమను అలా పడుకోమన్నారని పెద్దయ్యాక ఒకరిద్దరు చెప్పారు కూడా. అయినా 2014లో స్వీడన్ ఆరోగ్య శాఖ దాన్ని జబ్బుగా గుర్తించింది. కోలుకున్నవాళ్ళలో చాలామంది కుటుంబానికి ఉండటానికి అనుమతి దొరికాక, నెలల మీద, నెమ్మదిగా లేచారు. కళ్ళు మూసుకుని పడుకున్న పిల్లలు ఆ అనుమతి కాగితం చదవలేరు. అమ్మానాన్నల గొంతులో వచ్చిన మార్పే ముందు చెవిన పడి ఉంటుందని నేననుకుంటాను.

కాస్త పెద్ద పిల్లల్లో ఇది వేరే రూపంలో కనిపిస్తుంది. 1976లో కాలిఫోర్నియాలోని చౌచిలా అనే చిన్న ఊళ్ళో 26 మంది పిల్లలున్న బడి బస్సును ఎత్తుకెళ్ళి, వాళ్ళను భూమిలో పాతిన ఒక వ్యాను డబ్బాలో దాచారు. పిల్లలు, డ్రైవరు దారి చేసుకుని తామే బయటపడ్డారు. అందరూ క్షేమం. ఆ పిల్లల్ని ఏళ్ళ తరబడి కలుస్తూ వచ్చిన మానసిక వైద్యురాలు లెనోర్ టెర్ గమనించింది: తాము ఎక్కువ కాలం బతకమని వాళ్ళలో చాలామంది అనుకుంటున్నారు. పెళ్ళి, ఉద్యోగం, పిల్లలు అనే ఊహలే రావడం లేదు. ఒక్క సంఘటన చేసిన పని అది. రోజూ రాత్రి ఎనిమిదింటికి తండ్రి అడుగుల చప్పుడు విని మంచం కిందికి దూరే పిల్లాడి సంగతి ఆలోచించండి.

నేను "పెద్దయ్యాక ఏమవుతావు" అని అడగడం మానేశాను. కలెక్టరో, పోలీసో అని కంఠస్థం చెప్పేస్తారు. "వచ్చే దసరాకి ఏం చేద్దామనుకుంటున్నావు?" అని అడుగుతాను. బతుకమ్మ పేరుస్తా, మామయ్య వాళ్ళింటికి పోతా, కొత్త చెప్పులు కొనిపిస్తా అన్నంత కాలం నాకు టెన్షన్ లేదు. భుజాలు ఎగరేసి ఊరుకునే పిల్లలుంటారు. వాళ్ళకు దసరా కూడా దూరమే. వాళ్ళ పక్కన కూర్చుంటాను.

దేశంలో 2022లో 13,000 మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్యతో చనిపోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ చెబుతోంది. మన రాష్ట్రాల్లో ఇంటర్ ఫలితాల రోజునే ఈ విషయం గుర్తొస్తుంది. మార్కుల ఒత్తిడి నిజమే, కాదనను. కానీ పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళ ఆత్మహత్యలకు నమోదైన కారణాల్లో కుటుంబ సమస్యలే ముందున్నాయి. పిల్లాడు "చచ్చిపోతా" అంటే బెదిరిస్తున్నాడని కొట్టిపారేయకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని నేరుగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామందికి భయం. అలా జరగదు, పైగా చెప్పుకునే దారి దొరుకుతుంది. ఒంటరిగా వదలకండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్‌లో తెలుగులోనే, ఏ వేళనైనా మాట్లాడతారు. కొడుతున్నారన్న అనుమానం ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఈ రెండు నంబర్లూ మీ సెంటరు గోడ మీద పిల్లల కంటి ఎత్తులో రాయించండి.

ఇప్పుడు ఆశ కలిగించే సంగతి. ఇది నాకు చాలా ఇష్టమైనది, కాస్త విడమరచి చెబుతాను. 1980ల మధ్యలో జమైకా రాజధాని కింగ్‌స్టన్ పేద బస్తీల్లో, ఎదుగుదల ఆగిపోయిన 129 మంది పసిపిల్లల్ని తీసుకున్నారు. తొమ్మిది నెలల నుంచి రెండేళ్ళ లోపువాళ్ళు. శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ అనే డాక్టరమ్మ నడిపింది. కొందరికి వారానికి కిలో పాలపొడి. కొందరి ఇంటికి వారానికి ఒక గంట ఆరోగ్య కార్యకర్త వెళ్ళి ఆట. కొందరికి రెండూ. కొందరికి ఏదీ లేదు. ఆడించిన కార్యకర్తలు డిగ్రీలున్నవాళ్ళు కాదు, బస్తీకి తిరిగే మామూలు ఉద్యోగులు. బొమ్మలు పారేసిన డబ్బాలు, సీసా మూతలు, అట్టముక్కలతో చేసినవి. వాళ్ళు బిడ్డతో ఆడి రావడం కాదు పని. తల్లితో ఆడించడం పని. "నువ్వు చూపించు, చూడు ఎలా నవ్వాడో" అని తల్లి చేతనే చేయించి, బొమ్మ అక్కడే వదిలి, మరుసటి వారం కొత్తది తెచ్చేవారు. రెండేళ్ళు.

రెండేళ్ళయ్యేసరికి పాలూ ఆటా రెండూ అందిన పిల్లలు మామూలు ఎదుగుదల ఉన్న పిల్లలకు దాదాపు సమానంగా వచ్చారు. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ వయసులో మళ్ళీ వెతికి కలిశారు. ఆట అందినవాళ్ళలో దిగులు, ఆందోళన తక్కువ, తమ మీద తమకు గౌరవం ఎక్కువ. ఇరవై రెండేళ్ళప్పుడు చూస్తే కొట్లాటల్లోకి దిగడం తక్కువ, సంపాదన పాతిక శాతం ఎక్కువ. కింగ్‌స్టన్ బస్తీలంటే తుపాకుల మోత. అదే వీధిలో పెరిగి, వారానికి ఒక గంట తేడాతో ఇంత దూరం. పాలపొడి ప్రభావం పదకొండు, పన్నెండేళ్ళ వయసుకి కనిపించకుండా పోయింది. దాన్ని పట్టుకుని అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు, బాలామృతం పిండి దండగ అని ఎవరైనా వాదిస్తే ఒప్పుకోకండి. తిండి లేకపోతే బిడ్డకు ఆడే శక్తే ఉండదు. నేనడిగేది గుడ్డుతోపాటు గంట.

మరి తల్లే కుంగిపోయి ఉంటే? పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గరి పల్లెల్లో అతీఫ్ రెహ్మాన్ అనే సైకియాట్రిస్టు ముందు ఒక సంగతి నిరూపించాడు: దిగులు జబ్బు ఉన్న తల్లుల పసిపిల్లలకు బరువు తక్కువ, విరేచనాలు ఎక్కువ. తర్వాత లేడీ హెల్త్ వర్కర్లకు, అంటే అక్కడి ఆశాలకు, తల్లితో ఎలా కూర్చుని మాట్లాడాలో శిక్షణ ఇచ్చారు. "నా ఖర్మ ఇంతే" అన్న ఆలోచనను చిన్న చిన్న పనులతో ఎలా కదిలించాలో నేర్పారు. తొమ్మిది వందల మంది తల్లులతో చేసిన ఆ పని 2008లో అచ్చయింది. ఆరు నెలలకే దిగులు ఉన్న తల్లులు సగానికి తగ్గారు. పిల్లలకు విరేచనాలు తగ్గాయి, టీకాలు పెరిగాయి. తల్లితో ఆటలు పెరిగాయి. బరువులో పెద్ద తేడా మాత్రం రాలేదు. అదీ చెప్పాలి, ఎందుకంటే ఆ ఇళ్ళలో పేదరికం అలాగే ఉంది.

నేను అధికారులను అడగాల్సినవి మీ నెత్తిన వేయడం లేదు. 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైనప్పుడు రాసుకున్న ఉద్దేశాల్లో బిడ్డ మానసిక ఎదుగుదల కూడా ఉంది. కానీ మీ రోజు సగం యాప్‌లో ఫోటోలు ఎక్కించడానికీ, రిజిస్టర్లకీ పోతోంది. ఇంటికెళ్ళి గంట కూర్చోమంటే ఆ గంట ఎక్కడినుంచి రావాలి? సర్వేలు, ఇతర డ్యూటీలు తగ్గించి ఆ గంట ఇవ్వాలి. ఎన్‌ఆర్‌సీలో ఉన్న తల్లికి కూలి నష్టానికి ఇచ్చే డబ్బు ఆమె డిశ్చార్జి అయ్యే రోజుకే చేతికి అందాలి. మూడు నెలల తర్వాత బ్యాంకులో పడితే ఎవరికి లాభం? ఇంటి దగ్గర ఇంకో ఇద్దరు పిల్లల్ని వదిలి వచ్చిన తల్లి వారం తిరగకుండా చెప్పకుండా వెళ్ళిపోతుంది. కేసు షీటులో "పారిపోయింది" అని రాస్తాం. ఆ మాట రాయడం ఆపాలి. ఆ మిగతా పిల్లలకు కూడా ఆస్పత్రిలో చోటు, అన్నం పెడితే ఆమె ఉంటుంది.

మీ చేతిలో ఉన్నది ఒకటి అడుగుతాను. బిడ్డ బరువు రాసుకునే పేజీలో, పక్క ఖాళీలో, ఇంకో రెండు ప్రశ్నలు పెన్నుతో రాసుకోండి. ఈ బిడ్డతో రోజూ ఆడేది ఎవరు? ఆ మనిషి ఎలా ఉంది? మొదటిదానికి జవాబు "ఎవరూ లేరు" అని వస్తే, ఆ బిడ్డ జబ్బ టేపు ఇంకా పసుపు రంగులోనే, అంటే ప్రమాదం అంత ముదరని దశలోనే, ఉన్నా, నాకు ఎర్ర రంగు కిందే లెక్క. వెంటనే చెప్పండి. రెండోదానికి జవాబు కోసం అత్తగారు, భర్త లేనప్పుడు వెళ్ళి అడగాలి. మొదటిసారి చెప్పదు. మీరు మళ్ళీ వెళ్ళాలి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. డిశ్చార్జి అయ్యాక ఫాలో-అప్‌కి రాని పిల్లల పేర్లు ఎవరి దగ్గరైనా ఉంటే ముందు వాళ్ళు లేవండి, మన దగ్గర ఇంకా గంటన్నర ఉంది.